సూరత్‌లో వాన్ రీడ్ సమాధి: సేనానికి గోపురం, వైద్యులకు గ్రంథం

గుజరాత్‌లోని సూరత్ నగరంలో కతార్‌గాం దర్వాజా దగ్గర ఒక పాత శ్మశానవాటిక ఉంది. డచ్చివారు, ఆర్మీనియన్లు అక్కడ ఇరుగుపొరుగున ఖననమయ్యారు. డచ్ సమాధులలో అన్నింటికంటె పెద్దది హెండ్రిక్ ఆడ్రియాన్ వాన్ రీడ్‌ది. ఒకదానిపై ఒకటిగా లేచిన జంట గుమ్మటాలు, కిందా పైనా స్తంభాల వరుసలతో వసారాలు చూస్తే ఎవరో నవాబు సమాధి అనిపిస్తుంది. ఒకప్పుడు లోపలి గోడలపై వర్ణచిత్రాలు, వంశచిహ్నాలు, బైబిలు వాక్యాలు ఉండేవి. కిటికీలకు చెక్కడపు పని ఉండేది. ఈ ఒక్క కట్టడం మరమ్మతులకే డచ్ కంపెనీకి ఒకసారి 6,000 రూపాయల లెక్క చూపారని బ్రిటిష్ కాలపు యాత్రాదర్శినులు రాశాయి.

వాన్ రీడ్ 17వ శతాబ్దంలో మలబారు తీరంపై జరిగిన యుద్ధంలో పోరాడిన సైనికాధికారి. ఆ తర్వాత అదే తీరానికి డచ్ పాలకుడయ్యాడు. భారతీయ మొక్కలపై ఐరోపాలో అచ్చయిన తొలి మహాగ్రంథం ‘హోర్టస్ మలబారికస్’కు కర్తగా నిలిచినవాడూ అతడే. సేనానికీ శాస్త్రకార్య నిర్వాహకుడికీ కలిపి ఒకే సమాధి ఉండటం మన దేశంలో అరుదు. అయితే ఆ సమాధి ఎవరిని స్మరిస్తున్నది, ఎవరిని వదిలివేసింది అన్నది సూరత్‌లోని రాళ్లను మాత్రమే చూస్తే తెలియదు. ఆ గ్రంథాన్ని కూడా తెరవాలి.

ఆయన పేరును డచ్చివారు ‘ఫాన్ రేడ’కు దగ్గరగా పలుకుతారు. ఆంగ్ల గ్రంథాల ద్వారా మనకు స్థిరపడిన ‘వాన్ రీడ్’ రూపాన్నే ఇక్కడ వాడుతున్నాము.

రెండు కంపెనీల పోటీ

సూరత్ ఆనాడు మొగలుల ముఖ్య రేవు. హజ్ యాత్రికుల ఓడలు ఇక్కడినుంచే బయలుదేరేవి. ఆంగ్లేయులు 1613 నాటికి, డచ్చివారు ఆ తర్వాత కొద్ది సంవత్సరాలకు ఇక్కడ వర్తక స్థావరాలు నెలకొల్పారు. సరుకు కొనుగోలులోనూ, మొగలు అధికారుల మెప్పులోనూ సాగిన వారి పోటీ చివరకు శ్మశానంలోకి కూడా ప్రవేశించింది.

ఆంగ్లేయుల శ్మశానంలో ప్రధానమైనది ఆక్సెండెన్ సోదరుల సమాధి. తమ్ముడు క్రిస్టఫర్ 1659లో, అన్న సర్ జార్జి 1669 జూలై 14న మరణించారు. 1664లో శివాజీ సూరత్‌పై దాడి చేసినప్పుడు ఆంగ్ల స్థావరాన్ని కాపాడిన ఘనత జార్జి ఆక్సెండెన్‌ది. అందుకు ఔరంగజేబు ఆంగ్లేయులకు సుంకాలలో రాయితీ ఇచ్చాడు. సోదరులిద్దరికీ కలిపి కట్టిన ఆ సమాధి సుమారు 40 అడుగుల ఎత్తు. దానిని మించాలన్న పట్టుదలతోనే డచ్చివారు వాన్ రీడ్ సమాధిని అంత భారీగా కట్టారని సూరత్ చరిత్ర రాసినవారు చెబుతూ వచ్చారు. రెండింటి ఆకృతిలోనూ ఇస్లామీయ వాస్తు ప్రభావం స్పష్టం. మొగలు నగరంలో గొప్పవాడినని చాటుకోవాలంటే మొగలుల భాషలోనే చాటుకోవాలని ఈ వర్తకులు గ్రహించారు.

యుద్ధనాయకుల స్మారకాలు సూరత్‌కు వీరితోనే మొదలు కాలేదు. పోర్చుగీసు దాడులకు విసిగి గుజరాత్ సుల్తాను మూడవ మహమూద్ తాపీ నది ఒడ్డున కోట కట్టించే పని ఖ్వాజా సఫర్ అనే ఖుదావంద్ ఖాన్‌కు అప్పగించాడు. రాళ్లను ఇనుప బద్దెలతో బిగించి, సందులలో కరిగిన సీసం పోసి గోడలు లేపారని పాత చరిత్రకారులు వర్ణించారు. 1546లో దీవ్ ముట్టడిలో ఖుదావంద్ ఖాన్ మరణించాడు. ఆయన సమాధి కూడా సూరత్‌లో రక్షిత కట్టడమే.

కొచ్చి యుద్ధం

వాన్ రీడ్ 1636లో నెదర్లాండ్స్‌లోని ఒక ప్రభు కుటుంబంలో జన్మించాడు. యుక్తవయసులోనే డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ కొలువులో చేరి ఆసియాకు వచ్చాడు. అప్పటికి మలబారు మిరియాల వర్తకం పోర్చుగీసుల గుప్పిట్లో ఉంది. దానిని విడిపించుకోవడానికి రైక్లాఫ్ వాన్ గోయెన్స్ నాయకత్వంలో కంపెనీ సైన్యం 1661 నుంచి 1663 వరకు దండయాత్రలు సాగించింది. వాన్ రీడ్ ఆ సైన్యంలో ఒకడు.

1662 ఫిబ్రవరిలో డచ్ సేనలు కొచ్చి రాజనివాసమైన మట్టాంచేరిపై పడ్డాయి. రాజకుటుంబీకులు పలువురు ఆ పోరులో నేలకూలారు. వృద్ధురాలైన రాణిని అదుపులోకి తీసుకున్న అధికారి వాన్ రీడ్. ఆమెను ప్రాణాలతో కాపాడాడని కొందరు, బందీగా పట్టుకున్నాడని కొందరు రాస్తారు. జరిగిన సంఘటన ఒకటే, ఎంచుకున్న క్రియాపదంలోనే తేడా. ఆ మరుసటి ఏడు జనవరిలో కొచ్చి కోట డచ్చివారి వశమైంది. వారికి అనుకూలుడైన రాజు గద్దెనెక్కాడు. 1670లో వాన్ రీడ్ మలబారు డచ్ అధిపతిగా నియమితుడై 1677 వరకు ఆ పదవిలో కొనసాగాడు.

సైన్యానికి మందులు

అధికారంలోకి వచ్చిన సైనికుడు మొక్కల వైపు ఎందుకు మళ్లాడు? ప్రకృతి పట్ల ఆయనకు నిజమైన ఆసక్తి ఉండేది. దండయాత్రల్లో అడవుల గుండా సాగుతూ చెట్ల సమృద్ధికి అబ్బురపడ్డానని ఆయనే తర్వాత రాసుకున్నాడు. కాని అసలు ప్రేరణను కంపెనీ లెక్కలలో వెతకాలి.

ఉష్ణదేశపు జ్వరాలకూ, విరేచనాలకూ డచ్ సైనికులు, నావికులు యుద్ధగాయాలకంటె ఎక్కువగా బలయ్యేవారు. వారికి కావలసిన మందులు ఐరోపానుంచి నెలల తరబడి ఓడలలో వచ్చేవి. చేరేలోగా చాలామటుకు చెడిపోయేవి. ఆ మందులలో కొన్నింటికి మూలికలు అసలు తూర్పు దేశాలవే. అంటే ఇక్కడి సరుకును దళారుల చేతులు మారిన తర్వాత, అధిక ధరకు, పాతబడిన దశలో తిరిగి ఇక్కడికే తెప్పించుకుంటున్నారన్నమాట. స్థానిక వైద్యం తెలిసినవారిని అడిగితే ఖర్చు తగ్గుతుంది, సైన్యం నిలుస్తుంది.

దీని వెనుక రాజకీయమూ ఉంది. కంపెనీ కార్యకలాపాలకు సింహళం కేంద్రం కావాలని వాన్ గోయెన్స్ వాదం. మలబారుకే ప్రాధాన్యం దక్కాలని వాన్ రీడ్ పట్టు. మలబారు ఎంత సంపన్నమో నిరూపించే పత్రంగా కూడా ఆ గ్రంథం ఆయనకు ఉపయోగపడింది. శాస్త్రగ్రంథాలు నిష్కల్మషంగా పుడతాయని నమ్మేవారికి ఇది కొంత ఇబ్బంది కలిగించవచ్చు. గ్రంథం విలువ దీనివల్ల తగ్గదు.

1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలు లాటిన్‌లో వెలువడ్డాయి. 742 మొక్కల వర్ణనలు, దాదాపు 800 పెద్ద చిత్రాలు వాటిలో ఉన్నాయి. తొలి సంపుటాల లాటిన్ పాఠాన్ని కొచ్చిలోని క్రైస్తవ బోధకుడు యోహానెస్ కసియారియస్ తీర్చిదిద్దాడు. యువకుడిగా ఉన్నప్పుడు తత్త్వవేత్త స్పినోజా దగ్గర పాఠం చెప్పించుకున్నవాడాయన. కార్మెలైట్ సన్యాసి ఫాదర్ మాథ్యూ తొలి దశలో సహకరించాడు. నెదర్లాండ్స్‌లో పండితుల పరిష్కరణ జరిగింది. కొండలెక్కి మొక్కలు తెచ్చినవారు, వాటిని చూచి బొమ్మలు గీసినవారు, దుబాసీలు కలుపుకొంటే ఈ పనిలో పాల్గొన్నవారు వందల సంఖ్యలో ఉంటారు.

సంతకాలు చేసిన వైద్యులు

ఆ వందలమందిలో నలుగురు భారతీయుల పేర్లు గ్రంథంలోనే అచ్చయ్యాయి. ఇట్టి అచ్యుతన్, రంగ భట్టు, వినాయక పండితుడు, అప్పు భట్టు.

ఇట్టి అచ్యుతన్ చేర్తల ప్రాంతంలోని కడక్కరపల్లికి చెందిన ఈళవ వైద్యుడు. వంశపారంపర్యంగా వచ్చిన వైద్యగ్రంథాల ఆధారంగానూ, స్వానుభవంతోనూ మొక్కల పేర్లు, గుణాలు చెప్పి రాయించానని ఆయన 1675 ఏప్రిల్‌లో ధ్రువపత్రం ఇచ్చాడు. మలయాళాన్ని రాయడానికి ఆనాడు వాడుకలో ఉన్న కోలెళుత్తు లిపిలో ఉన్న ఆ పత్రాన్ని మొదటి సంపుటంలో యథాతథంగా చెక్కి ముద్రించారు. మిగిలిన ముగ్గురూ కొంకణి బ్రాహ్మణ వైద్యులు. వారి ఉమ్మడి పత్రం నాగరి లిపిలో ఉంది. మొక్కల చిత్రాలపై పేర్లు కూడా లాటిన్, మలయాళ, అరబ్బీ, నాగరి అక్షరాలలో కనిపిస్తాయి. మలయాళ అక్షరాలు అచ్చులో కనబడిన తొలి సందర్భాలలో ఇది ఒకటి కనుక భాషాచరిత్రకారులకు ఈ పుటలు వైద్యచరిత్రకారులకంటె ఎక్కువ ప్రీతిపాత్రం.

యుద్ధంలో ఓడిన నేలకు చెందిన వైద్యుల చేత గెలిచినవారి గ్రంథానికి ప్రమాణపత్రం రాయించుకోవడం మామూలు విషయం కాదు. ఐరోపా పండితులు తనను నమ్మాలంటే సాక్షులు అవసరమని వాన్ రీడ్‌కు తెలుసు. ఆ అవసరమే అచ్యుతన్ పేరును మూడున్నర శతాబ్దాలు నిలిపింది. ఇలా పేరు దక్కనివారు మన వైపునా ఉన్నారు. సామర్లకోటలో 1780లలో తోట పెంచి, ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ గ్రంథాన్ని రూపొందించిన విలియం రాక్స్‌బర్గ్ కూడా కంపెనీ కొలువులో ఉన్న వైద్యుడే. ఆయన మొక్కల తెలుగు పేర్లను శ్రద్ధగా నమోదు చేశాడు. ఆ పేర్లు చెప్పినవారెవరో, వందలాది బొమ్మలు గీసిన స్థానిక చిత్రకారులెవరో ఆ గ్రంథపు ముఖపత్రం చెప్పదు.

టెంకాయతో మొదలు

హోర్టస్ మలబారికస్ మొదటి సంపుటం ‘తెంగ’తో, అంటే కొబ్బరిచెట్టుతో ప్రారంభమవుతుంది. తెలుగువారి ‘టెంకాయ’కు అది సోదర పదం. ‘పొన్న’ అన్న పేరు చూస్తే మనకు అనువాదమే అక్కరలేదు. ఆ గ్రంథంలోని ‘ఎలెట్టరి’ నుంచి ఏలకి మొక్కకు ‘ఎలెట్టేరియా’ అన్న ప్రజాతి నామం ఏర్పడింది. బచ్చలికి శాస్త్రనామమైన ‘బసెల్లా’ కూడా ఈ గ్రంథం నుంచే వచ్చింది. మలయాళ ‘వసళ’, తమిళ ‘పసలై’, తెలుగు ‘బచ్చలి’ ఒకే కుదురు మాటలు. ఇంటి పెరట్లో పందిరికి పాకే తీగ పేరు ప్రపంచమంతటా వృక్షశాస్త్రజ్ఞుల నోట మలయాళపు జాడతో పలుకుతున్నది.

ఇది కేవలం పేర్ల ముచ్చట కాదు. స్వీడన్‌కు చెందిన లిన్నేయస్ 1753లో వృక్షజాతులకు రెండు మాటల నామాలు స్థిరపరచినప్పుడు భారతీయ మొక్కల విషయంలో ఈ గ్రంథంపై విశేషంగా ఆధారపడ్డాడు. ఆయన భారతదేశాన్ని చూడలేదు. అనేక జాతులకు ఎండబెట్టిన నమూనా కూడా ఆయన చేతిలో లేదు. అటువంటి చోట్ల వాన్ రీడ్ గ్రంథంలోని చిత్రమే ఆ జాతికి ప్రామాణిక ఆధారంగా నేటికీ లెక్కకు వస్తున్నది. ఒక మొక్క ఏ జాతిదన్న వివాదం వస్తే కొచ్చిలో గీసిన బొమ్మ దగ్గరకే పోవాలి.

‘రీడియా’ అన్న ప్రజాతి నామంతో లిన్నేయస్ వాన్ రీడ్‌ను స్మరించాడు. ఇప్పుడు దానిని ‘గార్సీనియా’లో కలిపివేశారు. కసియారియస్ పేర ‘కసియారియా’, అచ్యుతన్ పేర ‘అచుడెమియా’ వచ్చాయి.

లాటిన్ తెలియని భారతీయ పాఠకులకు ఈ గ్రంథం మూడు శతాబ్దాలపాటు మూసిన తలుపే. కాలికట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కె.ఎస్. మణిలాల్ దశాబ్దాల కృషితో, అందులోని మొక్కలను మళ్లీ కేరళ నేలపై వెతికి గుర్తిస్తూ, దానిని ఆంగ్లంలోకి తెచ్చారు. కేరళ విశ్వవిద్యాలయం 2003లో ఆ అనువాదాన్ని, ఆ తర్వాత 2008లో మలయాళ పాఠాన్ని ప్రచురించింది. మణిలాల్‌కు 2020లో పద్మశ్రీ లభించింది. ఆయన 2025 జనవరి 1న కన్నుమూశారు. అనువాదం చేసేవారికి తెలుస్తుంది, ఒక్కో మొక్క పేరు దగ్గర ఎన్ని రోజులు ఆగిపోవలసి వస్తుందో. ఆయనకు అలా ఆగవలసినవి 742.

చివరి ప్రయాణం

మలబారును వదిలి స్వదేశం చేరిన వాన్ రీడ్‌ను కంపెనీ 1684లో తిరిగి ఆసియాకు పంపింది. ఈసారి ఆయన హోదా కమిషనర్ జనరల్. స్థావరాల్లో పెరిగిపోయిన అవినీతిని విచారించడం ఆయన పని. 1685లో ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ స్థావరాన్ని తనిఖీ చేశాడు. అక్కడి డ్రాకెన్‌స్టైన్ లోయకు ఆ పేరు ఆయన ఎస్టేటు పేరు మీదుగా వచ్చినదే. తర్వాత సింహళం, బెంగాల్, కోరమాండల్ తీరం చూశాడు.

తెలుగువారికి సంబంధించిన ఘట్టం ఇక్కడే ఉంది. కోరమాండల్ డచ్ స్థావరాలన్నింటికీ పులికాట్ కేంద్రంగా ఉండేది. అక్కడి గెల్‌డ్రియా కోట 1613 నాటిది. ఆ కేంద్రాన్ని నాగపట్నానికి తరలించాలన్నది వాన్ రీడ్ నిర్ణయమే. 1690లో అది అమలయింది. ఆ పిదప పులికాట్ ప్రాభవం క్షీణించింది. అక్కడి డచ్ శ్మశానద్వారాన చెక్కిన అస్థిపంజరాల బొమ్మలను చూడటానికి ఇప్పటికీ యాత్రికులు ఆగుతారు.

1691 చివర వాన్ రీడ్ కొచ్చినుంచి సూరత్‌కు ఓడలో బయలుదేరాడు. డిసెంబరు 15న బొంబాయికి ఎదురుగా సముద్రంపైనే మరణించాడు. మృతదేహాన్ని సూరత్‌కు తెచ్చి 1692 జనవరి 3న ఖననం చేశారు. ఆయన విచారణకు రావలసిన నగరంలోనే ఆయనకు అంత్యక్రియలు జరిగాయి. సమాధి ఫలకం ఆయన బిరుదులను, కంపెనీలో ఆయన అధికారాన్ని, ఓడ పేరును, మరణ తేదీని, సుమారు 56 ఏళ్ల వయసును చెబుతుంది. అందులో వినిపించేది హోదా. గ్రంథపు 12వ సంపుటం వెలువడినది ఆ తర్వాత రెండేళ్లకు, 1693లో.

స్మారకం ఎవరు కడితే వారి చూపే అందులో నిలుస్తుంది. రామేశ్వరం సమీపాన పేయ్‌కరుంబులో రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ నిర్మించి 2017 జూలై 27న ప్రారంభమైన అబ్దుల్ కలాం స్మారకంలో క్షిపణుల నమూనాలు ఉన్నాయి. వీణ వాయిస్తున్న కలాం విగ్రహమూ ఉంది. 1982 నుంచి హైదరాబాద్‌లో ఆయనతో కలిసి పనిచేసిన సంస్థ ఆయుధాన్నీ మనిషినీ ఒకే చోట చూపదలచింది. సూరత్‌లో డచ్ కంపెనీ చూపదలచినది తన సొంత ప్రతిష్ఠను.

వలందాలు మిగిల్చినవి

డచ్చివారిని గుజరాతీలో ‘వలందా’ అంటారు. తెలుగులోనూ పాత మాట ‘వలందులు’. పోర్చుగీసుల నోట ‘ఒలాందా’ అయిన హాలండ్ పేరే రెండు తీరాలకూ చేరి ఉంటుంది. మలయాళంలో అది ‘లంత’గా కుదించుకుపోయింది. మచిలీపట్నంలో ‘వలందపాలెం’ ఈనాటికీ చిరునామాలలో రాసే పేరు. ఫ్రెంచివారి పరాసుపేట, ఆంగ్లేయుల ఇంగ్లీషుపాలెం దాని పొరుగువి. ఆ ఊళ్లో, భీమునిపట్నంలో కూడా చెక్కడాలు గల డచ్ సమాధిరాళ్లు ఉన్నాయి. లింబాయత్ పరిసరాల్లో మరమగ్గాలపై పనిచేసే తెలంగాణ నేత కుటుంబాలకు సూరత్ రెండో ఇల్లు. కోరమాండల్ నేతవస్త్రం కోసం మచిలీపట్నం వచ్చిన కంపెనీయే గుజరాత్ వస్త్రం కోసం ఇక్కడికి వచ్చిందన్న సంగతి వారి పిల్లలకు ఈ శ్మశానం దగ్గర చెప్పదగినది.

సూరత్‌లోని డచ్, ఆర్మీనియన్, ఆంగ్ల శ్మశానాలు భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ పరిధిలోని జాతీయ ప్రాధాన్యం గల కట్టడాలు. ప్రాచీన కట్టడాల చట్టం 1958లో వచ్చింది. 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల మేర కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపై 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. ఇళ్లు, దుకాణాలు, కార్ఖానాలు ఒకదానికొకటి ఆనుకొని పెరిగిన నగరంలో ఈ నిబంధన పొరుగువారికి భారం. గుమ్మటాలకు అదే ఊపిరి. ఈ చట్టం రాతిని కాపాడుతుంది. రాతి దగ్గర ఏ కథ చెప్పాలన్నది దాని పరిధిలోది కాదు. అక్కడికి వచ్చే విద్యార్థికి మట్టాంచేరి సంగతీ, అచ్యుతన్ సంతకమూ ఒకే చోట తెలియజేసే ఏర్పాటు ఉంటే ఆ కట్టడం ఇప్పటికంటె పదింతలు మాట్లాడుతుంది.

కడక్కరపల్లిలో ఇట్టి అచ్యుతన్ కుటుంబీకుల ఇంటి ఆవరణలో ‘కుర్యాల’ అనే చిన్న పూజాగృహం ఉంది. సూరత్ గోపురం పక్కన పెడితే అది ఒక గూడు. ఆ వైద్యుడి జ్ఞాపకార్థం అక్కడ దీపం వెలిగిస్తారు.